విలాసపు కార్లలోని సౌకర్యములు: యజమానులు మెచ్చునవియు, విసుగుకొనునవియు

పూనానుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నము పోవు 65వ జాతీయ రహదారియు, ఉత్తరాఖండమునందలి సితార్‌గంజ్ మొదలుకొని పెక్కు రాష్ట్రములు దాటి వచ్చు 30వ జాతీయ రహదారియు మన ఇబ్రహీంపట్నముననే కలసికొనుచున్నవి. కనుక మన యూరివారికి బండ్లను చూచుటకు కొదువ లేదు. థర్మల్ కేంద్రపు బూడిద లారీలు, ధాన్యపు ట్రాక్టర్లు, ఆటోలు, వీని నడుమ అద్దమువలె మెఱయుచు సద్దు లేక సాగిపోవు పెద్ద కార్లు రింగు సెంటరునొద్ద దినమెల్ల కనబడును. మన బాలురు వాని పేళ్లను ఎక్కమువలె అప్పగింపగలరు. మెర్సిడెస్, బి.ఎం.డబ్ల్యు., ఆడి, వోల్వో, లెక్సస్ అని దూరమునుండియే గుర్తింతురు. పేరు తప్పినవానిని పరిహసింతురు గూడ.

అయితే ఆ బండి లోపల ఏమున్నది? కొన్న దినమున మెచ్చినదానిని యజమాని ఏడాది గడచినపిమ్మటను మెచ్చుచున్నాడా? దేనిని చూచి మురియుచున్నాడు, దేనిని చూచి విసుగుకొనుచున్నాడు? ఈ వ్యాసమున విచారించునది ఇదియే. కారు కొనుడని గాని, కొనవలదని గాని చెప్పుట నా యుద్దేశము కాదు. ఉపాధ్యాయుల జీతమునకు ఆ ప్రసంగమే పొసగదు. ఒక్కమాట మాత్రము ముందే చెప్పెదను. యజమానులు చిరకాలము మెచ్చుకొను సౌకర్యము తన పని తాను చేసికొనుచు మనిషి కంటిని అడుగనిది. వారు విసుగుకొనునది, సేవ చేయుదునని వచ్చి తననే చూడుమని పీడించునది.

ఇది క్రొత్త సంగతి కాదు. తొలినాళ్ల మోటారుబండ్లను కదలించుటకు ముందరి ఇనుప పిడిని చేతితో త్రిప్పవలసియుండెను. ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విఱిగెడిది. 1912లో కాడిలాక్ కంపెనీవారు చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును తమ బండ్లలో అమర్చిరి. అప్పు డది ధనికుల భోగము. నేడు అది లేని కారును ఎవడును కొనడు. 1978లో మెర్సిడెస్ వారి ఎస్ తరగతి కారులో, జారుడు నేలపై చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ బ్రేకులు వచ్చినవి. మన దేశమున 2019 ఏప్రిలు నుండి ప్రతి క్రొత్త కారునకును అవి తప్పనిసరి యైనవి. ఈ రెండును ఒకసారి అమర్చినపిమ్మట ఎవరిని ఏమియు అడుగవు.

దీనికి భిన్నమైన కథ ప్యాకార్డు కంపెనీవారిది. వారు 1940 నాటి కార్లలో ఏసీ యంత్రము నమర్చి లోకమునకు చూపిరి. అమెరికా వేసవిలో చల్లనిగాలి వచ్చుట వింతయే. కాని చలి మిక్కుటమై దానిని నిలుపవలసివచ్చినపుడు మీట ఏదియు లేదు! బండి ఆపి, ఇంజను నిలిపి, బానెట్టు ఎత్తి, యంత్రమును త్రిప్పు బెల్టును ఊడదీయవలసియుండెను. 1941 తరువాత కంపెనీవారు దానిని మానుకొనిరి. చల్లదనము మంచిదే, దాని యడుగులకు మడుగు లొత్తుటయే యజమానికి గిట్టలేదు.

మన తెలుగుదేశపు విలాసపు కార్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను చేయించిన పసుపువన్నె రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్. వెనుక సింహాసనమువంటి ఎత్తైన పీఠము, పైన గుమ్మటమువంటి కప్పు. బండి సిద్ధమగునప్పటికి నిజామువారు లేరు, 1911లోనే పరమపదించిరి. హైదరాబాదున చౌమహల్లా సౌధమునకు విహారయాత్ర వెళ్లిన విద్యార్థులు దానిని చూడవచ్చును. ఆ బండిని తలచినపుడెల్ల నాకు తోచునది ఇది: యజమాని వెనుక, సారథి ముందు. ఈ సంగతి తరువాత మరల పనికివచ్చును.

ఇక నేటి యజమానులు మెచ్చువానిని చూతము. కృష్ణాతీరపు మే నెలను ఎఱిగినవారికి మొదట జ్ఞాపకము వచ్చునది గాలియాడెడి సీట్లు. ఎండలో నిలిచిన కారు తలుపు తెఱచినచో కొలిమి తెఱచినట్లుండును. తోలు సీటుపై కూర్చుండుట పెనముపై కూర్చుండుటయే. ఈ సీట్ల తోలుకు సన్నని రంధ్రములుండును. అడుగున చిన్న ఫ్యానులు గాలిని వాని గుండ లాగును, లేదా నెట్టును. సీటు నిజముగ చల్లబడుటకంటె, వీపునందలి చెమట ఆఱిపోవుటచేతనే హాయి కలుగుచున్నది. కుండనీరు చల్లబడు సూత్రమే ఇదియును. ఎనిమిదవ తరగతి విద్యార్థి వివరింపగలడు. ఒకప్పు డిది కోటి రూపాయల బండ్ల సొత్తు. 2019లో పెనుకొండ దగ్గఱ ఎర్రమంచిలో కియా కంపెనీవారు తయారుచేసిన సెల్టోస్ కారులో, ఇరువది లక్షల లోపు ధరకే ఈ సీట్లు వచ్చినవి. విదేశపు చలిదేశములలో ఇది అలంకారము. మనకు ఇది అవసరము.

రెండవది బండి చుట్టును చూపు కెమెరాలు. నాలుగు ప్రక్కలనున్న కెమెరాల చిత్రములను కలిపి, బండిని ఆకాశమునుండి చూచినట్లు తెరపై చూపును. బెజవాడ వన్‌టౌను సందులలో ఒక తోపుడుబండి, రెండు స్కూటర్లు, నడిరోడ్డున ఒక ఆవు ఉన్నచోట ఐదు మీటర్లకు మించిన పొడవుగల కారును త్రిప్పినవానికి దీని విలువ తెలియును. మన బూడిదయు, వానకాలపు బురదయు కెమెరా కంటిపై పడినపుడు మాత్రము అది గ్రుడ్డిదగును. తుడుచుటకు ఒక గుడ్డముక్క బండిలో ఉండవలెను.

మూడవది నిశ్శబ్దము. ప్రక్క అద్దములుగూడ రెండు గాజుపలకల నడుమ సన్నని పొర యుంచి అతికినవగుటచే, లారీ హారను ఎక్కడనో దూరమున మ్రోగినట్లు వినబడును. హైదరాబాదునుండి ఇబ్రహీంపట్నము వచ్చునప్పటికి తల నొప్పి లేదని యజమానులు చెప్పుదురు. ఈ అద్దమును గూర్చి కడపట మరియొక మాట చెప్పవలసియున్నది. ఎవరు కూర్చుండిన వారి కొలతకు సీటును అద్దములను సరిచేయు జ్ఞాపకశక్తి, మెల్లగా మూసినను తానై బిగిసికొను తలుపు, చీకటి పడగనే వెలుగు దీపములు, చినుకు పడగనే కదలు వైపర్లు, ఇవియన్నియు మెప్పు పొందినవే. వీనిలో ఒక్కటియు యజమానిని తనవైపు చూడుమనదు.

విసుగులలో మొదటి పీట వేయవలసినది తెరకు. ఒకప్పుడు డ్యాష్‌బోర్డుపై మీటలు, గుండ్రని పిడులు ఉండెడివి. చేయి చాచిన తడిమి తెలిసికొనవచ్చును. కన్ను రోడ్డుపైననే ఉండును. ఇప్పుడు వానిని తీసివేసి గాజుపలక పెట్టిరి. మెర్సిడెస్ వారు 2021లో ఈక్యూఎస్ అను విద్యుత్ కారులో ఈ చివరనుండి ఆ చివరకు 141 సెంటీమీటర్ల పలక నుంచిరి. దుకాణమున చూచువారికి అది అద్భుతము. కాని గాజు నున్నగా నుండును. వ్రేలికి గుర్తు దొరకదు. ఏసీ గాలిని ముఖముమీదనుండి పాదములకు మార్చుటకు సయితము కన్ను త్రిప్పి, బొమ్మను వెదకి, దానిపై వ్రేలు సరిగా మోపవలెను. బండి గతుకులో పడినచో వ్రేలు వేఱొకచోట పడును.

లెక్కవేసి చూడుడు. గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 25 మీటర్లు పోవును. రెండు సెకనులు తెరవైపు చూచినచో 50 మీటర్లు, అనగా ఫుట్‌బాల్ ఆటస్థలములో దాదాపు సగము, కన్నులు మూసికొని నడపినట్లే. స్వీడన్ దేశపు మోటారు పత్రిక ‘వీ బీలెగరే’ వారు 2022లో దీనిని పరీక్షించిరి. పదునొకండు క్రొత్త కార్లను, 2005 నాటి వోల్వో వి70 అను పాత మీటల కారును తీసికొని, గంటకు 110 కిలోమీటర్ల వేగమున రేడియో మార్చుట, సీటు వెచ్చజేయుట మొదలగు చిన్నపనులు చేయించిరి. పాత వోల్వోలో అన్నియు పది సెకనులలో ముగిసెను. బండి 306 మీటర్లు పోయెను. క్రొత్తవానిలో అన్నిటికంటె వెనుకబడినది 44.9 సెకనులు తీసికొనెను. అప్పటికి బండి 1,372 మీటర్లు పోయెను. పదునేడేండ్ల పాతబండి క్రొత్తవాని నన్నిటిని ఓడించుట తయారుచేయువారికి సిగ్గుపడవలసిన సంగతియే. ఐరోపాలో కార్ల భద్రతకు మార్కులిచ్చు యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుండి హారను, వైపర్లు, మలుపు దీపములు, ఆపద దీపములు మొదలగువానికి చేతికందు నిజమైన మీట లున్నవా యని చూచి మార్కులు వేయుచున్నది. కొందఱు తయారీదారులు మరల మీటలు పెట్టుట కారంభించిరి.

చేతిని గాలిలో ఆడించిన పాట శబ్దము పెరుగుననునది మరియొక వింత. మన తెలుగువారు చేయి త్రిప్పక మాటాడుట యెట్లు? ప్రక్కనున్న బావమఱదితో పొలము గట్టు తగవు చెప్పుచుండగా పాట తానై హోరెత్తిన కారును నేను ఎఱుగుదును. ఇది మన యొక్కరి మాటయే కాదు. అమెరికాలో యజమానుల యభిప్రాయములు సేకరించు జె.డి. పవర్ సంస్థవారి 2024 పరిశీలనలో, చేసైగల యంత్రములను గూర్చి ఫిర్యాదులు మెండుగ వచ్చినవి. ముందరి ప్రయాణికునికి వేఱుగ పెట్టు తెర అక్కఱలేనిదని పలువురు తలంచిరి. తమంతట తాము వేడిని చలిని సరిచూచు ఏసీలకు మాత్రము మెప్పు దొరికినది. పైన నేను చెప్పిన భేదమే అక్కడను కనబడుచున్నది.

తెరచుట్టు నుండు నల్లని మెఱుగుపూతను గూర్చి ఇల్లాండ్రు చెప్పు మాట వినవలెను. దుకాణమున నల్లకలువవలె నుండును. ఇంటికి వచ్చిన వారము దినములకు వ్రేలిముద్రలు, బూడిద దుమ్ము, తుడిచిన గీతలు. క్రొత్తబండికి దుర్గగుడివద్ద పసుపు కుంకుమలు పెట్టించువారును, సంఘకాపరిగారిచే ప్రార్థన చేయించువారును మనలో కలరు. కుంకుమ గీతలలో ఇంకినచో ఎంత తుడిచినను పోదని మొదటివారి విచారము.

ఇప్పుడు నిజామువారి సింహాసనమును మరల తలచుకొందము. మన ప్రాంతమున పెద్దకారు యజమాని పెక్కుసారులు వెనుక సీటున కూర్చుండును; బండి నడుపువాడు డ్రైవరు. కావున మెప్పు ఒకరిది, శ్రమ మరియొకరిది. వెనుక నడుము పిసుకు సీటు, కాళ్లు చాచు పీట, రంగురంగుల దీపములు యజమానికి ఇష్టము. ఆ దీపములు రాత్రి ముందరి అద్దమున ప్రతిబింబించుట డ్రైవరుకు కష్టము. ఇంగ్లీషున వ్రాసిన తెరలో ఏడు మెట్లు దిగి ఒక సౌకర్యమును వెదకవలసినవాడు అతడే. చలిగా నున్నదని వెనుకనుండి అమ్మగారు చెప్పగనే రోడ్డు విడిచి తెర చూడవలసినవాడును అతడే. కారు కొనునపుడు డ్రైవరును దుకాణమునకు తీసికొనిపోయి, అరగంట నడపనిచ్చి, అతని మాట అడుగువారు మిక్కిలి కొద్దిమంది. నా దృష్టిలో ఇది పెద్ద లోపము. ఇంటిల్లిపాది ప్రాణములు అతని కన్నులపై ఆధారపడియున్నవి.

కొన్ని సౌకర్యములు స్వభావమున చెడ్డవి కావు, మన నేలకు కుదిరినవి కావు. గీత దాటకుండ కాపాడు యంత్రమును చూడుడు. రోడ్డుమీది తెల్లగీతను కెమెరాతో చూచి, సైగదీపము వేయక బండి గీత దాటబోయినచో స్టీరింగును తానై వెనుకకు లాగును. గీతలు స్పష్టముగనుండి అందఱును వానిని పాటించు దేశమున ఇది ప్రాణరక్షకము. మన రహదారిపై ఎదురుదిక్కున వచ్చు మోటారుసైకిలును తప్పించుటకు డ్రైవరు ప్రక్కకు త్రిప్పుచుండగా స్టీరింగు చేతిలో మొరాయించినచో అతనికి గుండె జారిపోవును. పలువురు దీనిని ఎక్కగనే ఆపివేయుదురు. ముందరి బండిని చూచి వేగము తగ్గించు యంత్రమును, తానై బ్రేకు వేయుదానిని మాత్రము ఆపివేయరాదు. ఐనను దానిపైననే భారము వేయుట మరింత ప్రమాదము. మిక్కిలి వేగమున పోవునపుడు కదలక నిలిచియున్న బండిని అది గుర్తింపకపోవచ్చునని కంపెనీల పుస్తకములే హెచ్చరించుచున్నవి. తెల్లవాఱుజామున దీపము లేక రోడ్డు ప్రక్క నిలిచిన లారీ మన రహదారుల శాపము. అది సరిగా ఇటువంటిదే.

స్టెప్నీ లేని కారు మరియొక తలనొప్పి. కొన్ని విలాసపు కార్లకు గాలి పోయినను కొంతదూరము నడచు గట్టి టైర్లుండును. గంటకు 80 కిలోమీటర్ల వేగము మించక సుమారు 80 కిలోమీటర్లు పోవచ్చును. అందుచే డిక్కీలో స్టెప్నీ ఉండదు. 2020లో మన ప్రభుత్వపు నిబంధనలును, పంక్చరు సామానును గాలి కొలుచు యంత్రమును ఉన్నచో స్టెప్నీ అక్కఱలేదని సడలినవి. కాని అంచున పదునైన గోతిలో పడి టైరు ప్రక్క చీలినపుడు ఆ సామాను పనికిరాదు. పల్చని టైరు, పెద్ద చక్రము చూచుటకు సొగసే. గతుకు దెబ్బ నేరుగ చక్రపు అంచుకు తగులును. పల్లెలలో ఎవరి యింటియెదుట వారు పోసికొన్న స్పీడు బ్రేకర్లకు కొలతయే లేదు. పద్ధతి ప్రకారము 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండవలెను. మనవి గోడలవలె లేచియుండును. కనుక మీట నొక్కగనే బండిని కొంచెము పైకెత్తు గాలి స్ప్రింగులకు ఇక్కడ గొప్ప మెప్పు కలదు. అవి చెడినపుడు వచ్చు బిల్లును చూచినవారి మెప్పు కొంత తగ్గును.

బెంజి సర్కిలువద్ద దీపము ఎఱ్ఱబడగనే ఇంజను తానై ఆగిపోవుట చమురు మిగుల్చుటకు చేసిన యేర్పాటు. మే నెలలో దానితోపాటు ఏసీ బలమును తగ్గును. బండి ఎక్కిన ప్రతిసారియు ఆ మీట నొక్కి దానిని మాన్పించువారే యెక్కువ.

సన్‌రూఫును గూర్చి తల్లిదండ్రులు శ్రద్ధగా చదువవలెను. పిల్లలకు దీనికంటె ప్రియమైనది కారులో లేదు. అద్దములకు నల్లకాగితము అంటింపరాదని 2012లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. అట్టి యెండలో పైకప్పునే గాజుచేసికొనుట వింతయే. అది యటుండనిండు. కదలుచున్న బండిలో పిల్లవాడు దానిలోనుండి తల పైకెత్తి నిలుచుట మహాపాయకరము. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో ఆ పిల్లవాడును సెకనుకు 16 మీటర్లకు మించిన వేగమున పోవుచున్నాడు. బ్రేకు వేసినచో బండి ఆగును, పిల్లవాడు ఆగడు. న్యూటను పండితుని మొదటి సూత్రమునకు ధనికుల బిడ్డయని కనికరము లేదు.

డబ్బిచ్చి కొన్న బండిలోని వస్తువునకే నెలనెలా అద్దె యడుగుట మరియొక విడ్డూరము. బి.ఎం.డబ్ల్యు. వారు కొన్నిదేశములలో సీటు వెచ్చజేయు యంత్రమును బండిలో అమర్చియుంచి, అది పనిచేయుటకు చందా కట్టుడనిరి. 2022లో ఇది లోకమెల్ల తెలిసి నిరసన రేగగా, 2023లో మానుకొనిరి. వెచ్చని సీటునకు చందా కట్టువాడు మన బెజవాడలో పుట్టలేదు గాని, తక్కిన సౌకర్యములకు ఇట్టి పద్ధతి రాదని చెప్పలేము.

ఇక జలప్రళయమును గూర్చి. 2024 సెప్టెంబరు 1వ తేదీని మనవారు మఱువలేరు. బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగర్, పాయకాపురము మొదలగు పేటలు మునిగినవి. మనుష్యుల కష్టములముందు కార్ల కష్టము చిన్నదే. ఐనను మునిగిన కార్లు నేర్పిన పాఠము మన వ్యాసమునకు చెందినది. 2014 వఱకు తయారైన అంబాసిడరు కారు నీట మునిగినచో మెకానిక్కు నూనెలు మార్చి, ఎండబెట్టి, తీగలు తుడిచి నడపించెడివాడు. నేటి విలాసపు కారులో చిన్న కంప్యూటర్లు పదులకొలది ఉండును. వానిలో కొన్ని సీట్లక్రిందను, తివాసి యడుగునను ఉండును. నీరు మోకాలిలోతు వచ్చిననే అవి చెడును. సీటును కదలించు యంత్రము, తలుపు బిగించు యంత్రము, చుట్టు చూపు కెమెరా, మనము మెచ్చినవన్నియు ఒక్కసారిగా మూగవోవును. మునిగిన బండిని స్టార్టు చేయరాదు. గాలి పోవలసిన గొట్టమున నీరు పోయినచో, నీరు గాలివలె నొక్కబడదు గనుక, లోపలి ఇనుప కడ్డీలు వంగిపోవును. ఇట్లు స్టార్టు చేయుటచే ఇంజను చెడినచో, దానికై వేఱుగ రక్షణ తీసికొననివారికి సాధారణపు ఇన్సూరెన్సు సొమ్ము రాకపోవచ్చును.

నిశ్శబ్దము నిచ్చు అద్దమును గూర్చి చెప్పవలసిన మాట ఇక్కడనే. మామూలు ప్రక్క అద్దము చిన్నసుత్తి మొనతో కొట్టగనే పొడిపొడియగును. నడుమ పొర కలిగిన యద్దము పగులును గాని విడిపోదు. నీట చిక్కినవాడు దానిని పగులగొట్టి వెలుపలికి వచ్చుట కష్టము. విద్యుత్తుతో తెఱచుకొను తలుపులకు లోపల చేతితో తెఱచు పిడి యెక్కడనో యొకచోట ఉండును. కొన్నింటిలో అది మూలను దాగియుండును. బండి కొన్న దినముననే ఇంటివారందఱును, పిల్లలతోసహా, దానిని ఒక్కసారి లాగి చూడవలెను. పాటల పెట్టెను చూపుటకు గంటసేపు వెచ్చించు దుకాణదారుని ఈ పిడి యెక్కడ అని ముందుగ అడుగుడు.

వరదలో మునిగిన కార్లు శుభ్రపఱచబడి తక్కువ ధరకు అమ్మకమునకు వచ్చుచుండును. క్రొత్త చిన్నకారు వెలకే పాత విలాసపు కారు దొరకునని మన యువకులు ఆశపడుదురు. అట్టిదానిని చూడబోవునపుడు, ఆటోనగరునుండి తెలిసిన మెకానిక్కును వెంట తీసికొనిపోవుడు. తెర ఎంత వెలుగుచున్నదో చూడవలదు. డిక్కీలోని తివాసి ఎత్తి వాసన చూడుడు. సీటుబెల్టును పూర్తిగా వెలుపలికి లాగుడు. ఎవరును కడుగని ఆ చివరి జానెడు పట్టీపై బురదచాఱ యున్నచో నీరు ఎంత ఎత్తునకు వచ్చెనో అదియే చెప్పును.